నురగది తప్పు కాదు: మొహాన్ని ఎండగట్టని ఫేస్‌వాష్ వెనక లెక్కలు

వైజాగ్‌లో మొహం కడుక్కోవడం ఓ పెద్ద పని. ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోత, చెమట, జిడ్డు. బండి మీద గాజువాక నుంచి జగదాంబ దాకా వస్తే చాలు, మొహం మీద చెయ్యి పెడితే దుమ్ము అంటుకుంటుంది. రోజుకి రెండు మూడుసార్లు కడుక్కుంటే గానీ ప్రాణం కుదుటపడదు. తీరా కడిగిన పది నిమిషాలకి, అందులోనూ రుషికొండ వైపు ఆఫీసుల్లో ఏసీ కింద కూర్చునేవాళ్లకి, బుగ్గలు లాగినట్టు బిగుసుకుపోతాయి, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, సాయంత్రానికి నుదురు మాత్రం మళ్లీ జిడ్డోడుతుంది. నాది ఆయిలీ స్కిన్నా, డ్రై స్కిన్నా అని తల పట్టుకుంటారు. చాలాసార్లు సమస్య చర్మానిది కాదు, ఫేస్‌వాష్ బలం ఎక్కువైంది, అంతే. (కడిగే కొద్దీ నూనె గ్రంథులు పంతం పట్టి ఇంకా ఎక్కువ నూనె వదులుతాయని అంటుంటారు గానీ, దానికి గట్టి ఆధారం లేదు. నుదురు మీద నూనె ఎలాగూ వస్తూనే ఉంటుంది.)

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: నురగ వచ్చేవి మానెయ్యండి. ఈ సలహాతోనే నాకు పేచీ. నురగ రావడం వేరు, చర్మం ఎండిపోవడం వేరు. రెండూ ఒకే పదార్థం వల్ల జరుగుతాయి కాబట్టి మనకి ఒకటిగా కనిపిస్తాయి. తయారుచేసేవాడికి మాత్రం రెండూ వేర్వేరు లెక్కలు. నురగ దండిగా ఉంచి, ఎండగట్టే గుణాన్ని బాగా తగ్గించొచ్చు. అలాంటిది ఇంట్లోనే ఎలా చేసుకోవాలో కూడా చెబుతాను.

ఆ పదార్థం పేరు సర్ఫాక్టెంట్. ఒక కొస నీళ్లని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెని. నీళ్లలో కొద్దిగా వేస్తే అణువులు విడివిడిగా తిరుగుతుంటాయి. ఒక మోతాదు దాటాక, నూనెని ఇష్టపడే తోకలన్నీ లోపలికి తిప్పుకుని గుంపులు కడతాయి. ఈ గుంపుల్నే మైసెల్స్ అంటారు. మొహం మీది జిడ్డుని లోపల దాచుకుని నీళ్లతో పాటు పోయేవి ఇవే. నురగ మాత్రం ఇంకో చోట పుడుతుంది: గాలి, నీళ్లు కలిసే చోట ఈ అణువులే వరస కట్టి, బుడగ చుట్టూ పొరలా నిలబడితే అది నురగ. అంటే నురగ లేకుండానే మురికి పోవచ్చు, మురికి పెద్దగా పోకుండానే నురగ బోలెడు రావచ్చు.

ఇక చర్మం సంగతి. మన పైపొర మందం 15 నుంచి 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఉంటుందేమో, అంతే. చచ్చిపోయిన కణాలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. కణాల లోపల నీటిని పట్టి ఉంచే చిన్న చిన్న పదార్థాలు, అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టేట్ లాంటివి ఉంటాయి. ఫేస్‌వాష్ తియ్యాల్సింది పైన తేలే సెబమ్‌నీ (చర్మం వదిలే నూనె), చెమటనీ, సన్‌స్క్రీన్‌నీ. అది అక్కడితో ఆగదు. సందుల్లోని కొవ్వుని కదుపుతుంది, కణాల్లోని ప్రోటీన్‌కి అంటుకుని దాన్ని ఉబ్బేలా చేస్తుంది, నీటిని పట్టి ఉంచేవాటిని కడిగేస్తుంది. ఉబ్బిన పొరలోంచి నీళ్లు గబగబా ఆవిరైపోయి పొర కుంచించుకుపోయినప్పుడు మనకి తెలిసేదే ఆ బిగుతు. వేలితో రుద్దితే మొహం కిర్రుమంటే శుభ్రమైందని మురిసిపోతాం గానీ, పోకూడనిది కూడా పోయిందన్న మాట.

ఇంతకీ చర్మంలోకి దూరేది విడిగా తిరిగే అణువులా, మైసెల్సా? చాలాకాలం విడి అణువులే దూరతాయి, మైసెల్స్ పెద్దవి కాబట్టి దూరవు అనుకున్నారు. అదే నిజమైతే, మైసెల్స్ కట్టడం మొదలయ్యాక ఎంత సర్ఫాక్టెంట్ పోసినా హాని పెరగకూడదు, ఎందుకంటే ఆ మోతాదు దాటాక విడి అణువుల సంఖ్య దాదాపు అక్కడే ఆగిపోతుంది. బాగా కటువైన సర్ఫాక్టెంట్ అయిన సోడియం లారిల్ సల్ఫేట్ దగ్గర ఈ లెక్క తప్పింది. దానికి ఆ మోతాదు కాల్ శాతమే, లీటరు నీళ్లకి 2.4 గ్రాముల లోపు. దాటాక కూడా పోసే కొద్దీ మంట పెరిగింది. దాని మైసెల్స్ చిన్నవి, చర్మంలోని సన్న దారుల్లో దూరగలవు అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మొత్తం ఫార్ములా దీని మీదే ఆధారపడి ఉంది, ఎందుకంటే సున్నితంగా చెయ్యాలంటే పనులు మూడే: విడి అణువుల్ని తగ్గించడం, మైసెల్స్‌ని పెద్దవి చెయ్యడం, అసలు మొహం మీద పడే సర్ఫాక్టెంట్ మొత్తాన్నే తగ్గించడం.

మొదటి రెండూ ఒకే దెబ్బకి అయ్యే పని. లారిల్ సల్ఫేట్ లాంటి, రుణ విద్యుదావేశం ఉన్న సర్ఫాక్టెంట్‌కి కోకామిడోప్రొపైల్ బీటైన్ లాంటి, రెండు ఆవేశాలూ ఉన్నదాన్ని జత చేస్తే, ఒకే రకం తలలు (నీళ్లని ఇష్టపడే కొసలు) ఒకదాన్నొకటి నెట్టుకోవడం తగ్గి, గుంపులు తొందరగా కడతాయి, పెద్దవి అవుతాయి, విడిగా తిరిగేవి తగ్గిపోతాయి. పైగా బుడగ పొర గట్టిపడి నురగ మెత్తగా, చిక్కగా వస్తుంది. ఇక్కడ రెండు చెడ్డవి కలిసి ఒక మంచిది అవుతాయనేం కాదు, కానీ రెండు సర్ఫాక్టెంట్లు కలిపిన ఫేస్‌వాష్, అంతే బలంతో ఒక్కటే పోసిన దానికంటే దాదాపు ఎప్పుడూ నెమ్మది.

పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) గురించి చెప్పాలంటే ముందు సబ్బుని పక్కకి పెట్టాలి. చర్మం పైపొర పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది, మామూలు సబ్బుది 9 నుంచి 10. అంత క్షారంలో పైపొర ఎక్కువ ఉబ్బుతుంది, సెరమైడ్లని తయారుచేసే ఎంజైములు నెమ్మదిస్తాయి, పొరని విడగొట్టే ఎంజైములు జోరందుకుంటాయి. సరే, సబ్బులో నిమ్మ ఉప్పు కలిపి పీహెచ్ దించేద్దామా అంటే కుదరదు. సబ్బు అంటేనే కొవ్వు ఆమ్లాల లవణం, పీహెచ్ దించితే అది మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారి తరకలు కట్టి తేలుతుంది. 5.5 పీహెచ్ అని రాసి ఉన్న బార్లు నిజానికి సబ్బులు కావు, సిండెట్ బార్లు, అంటే సబ్బు బదులు వేరే సర్ఫాక్టెంట్లతో చేసినవి.

వైజాగ్‌లో ఇంకో చిక్కు ఉంది, నీళ్లు. తీరానికి దగ్గర్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో వాడకానికి ఒక రోజు జీవీఎంసీ (నగర కార్పొరేషన్) నీళ్లు, ఒక రోజు బోరు, ఒక రోజు ట్యాంకర్. రెండు గాజు గ్లాసులు తీసుకోండి, ఒకదాంట్లో ఆర్వో నీళ్లు, రెండోదాంట్లో బోరు నీళ్లు. రెండిట్లో బఠాణీ గింజంత సబ్బు ముక్క వేసి కరిగించి, మూత పెట్టి ఊపండి. ఆర్వో గ్లాసులో నురగ పైదాకా వస్తుంది. బోరు గ్లాసులో నురగ సరిగ్గా నిలవదు, నీళ్లు పాలలా తెల్లబడి, గ్లాసు గోడకి బూడిదరంగు తరకలు పట్టుకుంటాయి. కాల్షియం, సబ్బు కలిసి కట్టిన తరకలు అవి. బాత్రూం బకెట్‌కి పట్టే తెట్టు అదే, మొహం మీద కూడా కొంత మిగిలేది అదే, ఎంత కడిగినా పోనట్టు అనిపించేది అందుకే. ఇదే పరీక్ష బీటైన్‌తోనో, చక్కెర నుంచి చేసే గ్లూకోసైడ్ అనే సర్ఫాక్టెంట్‌తోనో చెయ్యండి, రెండు గ్లాసుల మధ్య తేడా చాలా తక్కువ కనిపిస్తుంది.

మరి పూర్ణా మార్కెట్‌లో కుంకుడుకాయలు కొని కొట్టుకుంటే సరిపోదా అంటారా? కుంకుడులోని సాపోనిన్లు కూడా సర్ఫాక్టెంట్లే, రసం కాస్త ఆమ్లంగానే ఉంటుంది, నురగ బాగా వస్తుంది. కానీ కంట్లో పడితే ఏమవుతుందో చిన్నప్పుడు తలంటించుకున్న ఎవర్నడిగినా చెబుతారు. నూనె పట్టించిన తలకి ఆ బలం కావాలి, రోజూ కడిగే మొహానికి అక్కర్లేదు. రసం ఒకటి రెండు రోజుల్లో పాడైపోతుంది కూడా. సున్నిపిండి కథా అంతే, ఒంటికి నూనె రాసుకున్నాక అది పెద్ద గొప్ప పద్ధతి. నూనె లేకుండా పొడి మొహానికి రోజుకి రెండుసార్లు పిండితో రుద్దుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా సున్నితం కాదు.

సీసా మీద రాతల సంగతి తొందరగా చెప్పేస్తాను. కొబ్బరి నుంచి తీసింది అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఉద్దానం కొబ్బరికాయ నుంచి వచ్చే పన్నెండు కర్బనాల తోకతోనే కటువైన లారిల్ సల్ఫేటూ చెయ్యొచ్చు, మెత్తని కోకోయిల్ గ్లుటమేటూ చెయ్యొచ్చు. తేడా అంతా తల దగ్గర. సల్ఫేట్ ఫ్రీ కూడా అలాంటిదే, ఒలెఫిన్ సల్ఫొనేట్‌లో సల్ఫేట్ ఉండదు, కానీ అది జిడ్డుని గట్టిగానే లాగేస్తుంది. తక్కువ మోతాదులో లారెత్ సల్ఫేట్ (లారిల్ సల్ఫేట్‌కి నెమ్మదైన చుట్టం), దానికి సరిపడా బీటైన్, సరైన పీహెచ్ ఉన్న మామూలు ఫేస్‌వాష్, చెత్తగా చేసిన సల్ఫేట్ ఫ్రీ దానికంటే నయం. నాకు తోచినంతలో మంచి పేర్లు చెప్పమంటే: కోకోయిల్ గ్లుటమేట్, కోకోయిల్ ఐసిథయొనేట్, బీటైన్, డెసిల్ లేదా కోకో గ్లూకోసైడ్. ఐసిథయొనేట్ చాలా మెత్తన, నురగ వెన్నలా వస్తుంది, కానీ చల్లని నీళ్లలో సరిగ్గా కరగదు, సీసా అడుగున గింజ కడుతుంది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకి ఆ టెన్షన్ వద్దు.

అసలైన లెక్క ఇప్పుడు వస్తుంది. మనం కొనే ద్రవ సర్ఫాక్టెంట్లలో సగమో, అంతకంటే ఎక్కువో నీళ్లే. బీటైన్ మామూలుగా 30 శాతం, గ్లూకోసైడ్ 50 చుట్టూ, ద్రవ గ్లుటమేట్ 25 నుంచి 30. పాల కేంద్రంలో లీటర్లు ఎన్నని కాదు, వెన్న శాతం ఎంతని చూసి డబ్బులిచ్చినట్టు, ఇక్కడ కూడా ఎన్ని గ్రాములు పోశామన్నది కాదు, అందులో అసలు సరుకు ఎంతన్నది చూడాలి. షాంపూల్లో ఈ అసలు సరుకు 15 శాతం, ఆపైన కూడా ఉంటుంది. మొహానికి 10 లోపు చాలు.

వంద గ్రాములకి నేను వెళ్లే దారి ఇది. బీటైన్ 15 గ్రాములు, అందులో అసలు సరుకు 4.5. గ్లుటమేట్ 10 గ్రాములు, సీసా మీద 25 శాతం అని ఉంటే అసలు సరుకు 2.5. గ్లూకోసైడ్ 4 గ్రాములు, అంటే 2. మొత్తం 9 శాతం. గ్లిజరిన్ 5 గ్రాములు. డైసోడియం ఈడీటీఏ 0.1, ఇది నీళ్లలోని కాల్షియాన్ని పట్టేసుకుని ప్రిజర్వేటివ్‌కి సాయం చేస్తుంది. ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే ప్రిజర్వేటివ్ 1 గ్రాము. మిగతాది డిస్టిల్డ్ వాటర్, 65 గ్రాముల లోపు, పీహెచ్ దించడానికి పోసే సిట్రిక్ యాసిడ్ నీళ్లు కూడా అందులోంచే. అన్నీ తూకమే, మిల్లీలీటర్లు వద్దు. వంటింటి తూనిక 0.1 గ్రాము చూపించలేదు, బంగారం తూచే రకం చిన్న డిజిటల్ తూనిక కావాలి. నీళ్లలో ముందు ఈడీటీఏ, గ్లిజరిన్, తర్వాత ఒక్కో సర్ఫాక్టెంట్ నెమ్మదిగా, నురగ లేవకుండా. మిక్సీ జోలికి మాత్రం వెళ్లొద్దు, గంటలకొద్దీ నురగ దిగదు.

గ్లూకోసైడ్ వచ్చేదే పీహెచ్ 11, 12 దగ్గర, కాబట్టి మొత్తం కలిపాక మిశ్రమం క్షారంగానే ఉంటుంది. ఇక్కడ తొందరపడకూడదు. సిట్రిక్ యాసిడ్‌ని నేరుగా పొడిగా కాకుండా 20 శాతం ద్రావణంగా చేసుకుని, చుక్కలు చుక్కలుగా వేస్తూ, కలుపుతూ, కొలుస్తూ పోవాలి. మొదట చుక్కలు వేసినా పీహెచ్ కదలనట్టే ఉంటుంది, తర్వాత ఉన్నట్టుండి జారుతుంది. 5.5 దగ్గరికి వచ్చేసరికి ద్రవం ఇంకా తేటగానే ఉండాలి, అక్కడ ఆపెయ్యాలి. ఇంకా దించితే, 5 కిందికి పోయేసరికి, గ్లుటమేట్ తన ఆమ్ల రూపంలోకి మారడం మొదలవుతుంది, గ్లాసులో పొగమంచు దిగినట్టు మసకబారుతుంది. రంగు కాగితాలతో 5కీ 6కీ తేడా పట్టుకోవడం కష్టం, 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసుకున్న చిన్న పీహెచ్ మీటరు ఉంటే సుఖం.

తయారైంది నీళ్లలా పలచగా ఉంటుంది. చూడగానే నీళ్లు ఎక్కువయ్యాయా అనిపిస్తుంది, ఎందుకంటే చిక్కగా ఉంటేనే బలం అని మనకి అలవాటు చేశారు. చిక్కదనానికీ బలానికీ సంబంధం లేదు. లారెత్ సల్ఫేట్, బీటైన్ ఉన్నవాటికి చిటికెడు ఉప్పు వేస్తే చాలు జెల్ అవుతుంది (మరీ ఎక్కువ వేస్తే తిరిగి పలచబడుతుంది, అదొక వింత). గ్లూకోసైడ్, గ్లుటమేట్ ఉన్నవి ఉప్పుకి అంతగా లొంగవు, వాటికి జాంథాన్ గమ్ కావాలి. కానీ మనకి ఆ చిక్కదనమే వద్దు. ఫోమర్ పంపు సీసా తీసుకుంటే, లోపలి సన్న జల్లెడలో గాలి, ద్రవం కలిసి తయారు నురగే బయటికి వస్తుంది. జెల్ పోస్తే ఆ జల్లెడ మూసుకుపోతుంది, పలచటిది కావాలి. నురగ తెప్పించే పని సర్ఫాక్టెంట్ నెత్తిన కాకుండా పంపు నెత్తిన పెట్టామన్న మాట. లెక్క చూడండి: 15 శాతం జెల్ రెండు గ్రాములు పిండుకుంటే మొహం మీద పడే అసలు సరుకు 0.3 గ్రాములు. మన 9 శాతం ద్రవం, ఒక్కో నొక్కుకి ముప్పావు గ్రాము అనుకుని రెండు నొక్కులు వేస్తే, 0.14 కూడా కాదు. సగం కంటే తక్కువ, నురగ మాత్రం అరచేతి నిండా.

ఎండిపోకుండా ఇందులో నాలుగు చుక్కల బాదం నూనె వేస్తే మంచిది కదా అని అడిగేవాళ్లుంటారు. ఆ నూనెని ముందుగా పట్టుకునేది మనం పోసిన సర్ఫాక్టెంటే, నురగ చస్తుంది, ఎక్కువైతే పైన తేలుతుంది. సెరమైడ్లు, విటమిన్లు, కలబంద లాంటివి అర నిమిషంలో కడిగేసే దాంట్లో వేస్తే ఎక్కువ భాగం కాలువ పాలే. గ్లిజరిన్ మీద మాత్రం నాకు నమ్మకం ఉంది. అదీ కొంత కొట్టుకుపోతుంది, కాకపోతే కడిగే ఆ కాసేపట్లోనే సర్ఫాక్టెంట్ లోపలికి దూరడాన్ని తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో చూశారు, ఆ ప్రయోగాల్లో మోతాదు 10 శాతం దాకా ఉంది.

ప్రిజర్వేటివ్ వద్దనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. వానాకాలంలో ఈ ఊళ్లో చెప్పులకి బూజు పడుతుంది, నీళ్లూ గ్లిజరినూ ఉన్న సీసాకి పట్టదా? ఫినాక్సీఇథనాల్ 1 శాతం దాటకూడదు, పైన చెప్పిన మోతాదు ఆ లోపే. ఇంకో మాట, సీసా అడుగంటాక కాసిని కుళాయి నీళ్లు పోసి ఊపి వాడటం మన ఇళ్లన్నిట్లో అలవాటే. ఫేస్‌వాష్‌కి ఆ పని చేస్తే ప్రిజర్వేటివ్ పలచబడి, దాని పని అయిపోతుంది. ఇంట్లో చేసుకున్నది ఇంట్లో వాడుకోవడం వరకే ఇదంతా. అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ నిబంధనల కింద తయారీ లైసెన్సు కావాలి, వంటింట్లో చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం కుదరదు.

వాడే ముందు మోచేతి మడతలో రాసి ఒకటి రెండు రోజులు చూడండి. బీటైన్ కూడా అందరికీ పడదు, తయారీలో మిగిలిపోయే మలినాల వల్ల కొందరికి దురద వస్తుంది. అమెరికాలో చర్మ ఎలర్జీలు చూసే డాక్టర్ల సంఘం 2004లో ఆ ఏడాది ఎలర్జీ కారకంగా దీన్నే ఎంచింది. ఎలర్జీ లేకపోతే అసలు పరీక్షకి రండి. సగం మొహం పాతదాంతో, సగం కొత్తదాంతో కడిగి, క్రీమ్ ఏదీ రాయకుండా పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి. ఒక్కరోజుతో తేల్చొద్దు, చర్మానికి జరిగే నష్టం పోగుపడుతూ వస్తుంది, వారం చూడాలి. మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లతో మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి, అంత వేడి నీళ్లకి ఎంత మెత్తని ఫేస్‌వాష్ అయినా కటువుగా మారుతుంది, కుండలో చల్లారిన నీళ్లో, పొద్దున్నే పట్టిన నీళ్లో వాడండి. ఇంకా బిగుతుగా ఉంటే గ్లూకోసైడ్‌ని 4 నుంచి 2 గ్రాములకి దించి, ఆ మేరకి నీళ్లు పెంచి, పీహెచ్ మళ్లీ చూసుకోండి, ఒకసారికి ఒక్క మార్పే. సన్‌స్క్రీన్ వదలడం లేదంటే మాత్రం మోతాదు పెంచకండి, రాత్రిపూట రెండుసార్లు కడగండి.